కోలిస్టిన్‌ను పాడుచేసింది కోళ్ల షెడ్డా, ఐసీయూనా?

పశువైద్యుడు: వేరే మందులు పనిచేయనప్పుడు మిగిలే ఆఖరి యాంటీబయాటిక్ కోలిస్టిన్. దాన్ని కోళ్లకు, చేపలకు, మేతకు అమ్మకూడదని 2019 జులైలో కేంద్రం నిషేధించింది. ఐసీయూలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దానికి లొంగకపోతే ఇంకా మా షెడ్ల మీదే పడతారేం మేడమ్? అత్త మీద కోపం దుత్త మీదా?

మైక్రోబయాలజిస్టు: 2015లో చైనా పందుల్లో కోలిస్టిన్‌కు లొంగనివ్వని ఎంసీఆర్-1 బయటపడింది కదండీ. అది ప్లాస్మిడ్ మీద, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దాటగల చిన్న డీఎన్ఏ వలయం మీద ఉండే జన్యువు. ఈ-కోలై నుంచి క్లెబ్సియెల్లాకు చేతులు మారిపోతుంది. బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు ఈ మందు చిన్న మోతాదు మేపితే ఆ జన్యువున్న బ్యాక్టీరియానే బతికి బట్టకడుతుంది.

పశువైద్యుడు: ఆ జన్యువు దొరికితే ఏం చేస్తుందట?

మైక్రోబయాలజిస్టు: కోలిస్టిన్‌ది ధనావేశం, బ్యాక్టీరియా పైపొరలోని లిపిడ్-ఎ ఫాస్ఫేట్లది రుణావేశం. మందు వాటికి అతుక్కుని, పొరను బిగించి ఉంచే కాల్షియం, మెగ్నీషియంలను తోసేసి చిల్లు పెడుతుంది. ఎంసీఆర్-1 ఎంజైము ఆ ఫాస్ఫేట్లకు ఫాస్ఫోఇథనాలమైన్ తగిలిస్తుంది. ఆవేశం తగ్గాక మందుకు పట్టు దొరకదు.

పశువైద్యుడు: బాగుంది. మన ఆసుపత్రుల క్లెబ్సియెల్లాలో మీకు ఎక్కువగా కనబడేది అదేనా?

మైక్రోబయాలజిస్టు: కాదు. ఎంజీఆర్‌బీ అనే, బ్యాక్టీరియా సొంత జన్యువు చెడిపోవడమే ఎక్కువ.

పశువైద్యుడు: అలా రండి దారికి! ఎంజీఆర్‌బీ బ్రేకులాంటిది. గెంతే డీఎన్ఏ ముక్క ఒకటి అందులో దూరితే బ్రేకు తెగి, లిపిడ్-ఎకు అరబినోజ్ చక్కెర అంటించే పని ఆగకుండా సాగుతుంది. ఇందులో కోడి పాత్రేమిటి? రోగి ఒంట్లో, సెలైన్ స్టాండు పక్కనే జరిగేది ఇది. తొలి డోసు 90 లక్షల యూనిట్లు ఎగ్గొట్టి మామూలు డోసుతో మొదలెడితే, ఎక్కించిన కోలిస్టిమిథేట్ మెల్లగా కోలిస్టిన్‌గా మారి సరైన స్థాయికి చేరేసరికి రెండు మూడు రోజులు. దానికా సందు చాలదూ?

మైక్రోబయాలజిస్టు: కిడ్నీల భయమండీ. నిజానికి కిడ్నీని చూసి తగ్గించాల్సింది తర్వాతి డోసులు, మొదటిది కాదు.

పశువైద్యుడు: మరి అగార్ జెల్లీ మీద మందు బిళ్ల పెట్టి, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్ కొలిచి 'పనిచేస్తుంది' అని రాసే ల్యాబులో?

మైక్రోబయాలజిస్టు: వాటిని నేనూ వెనకేసుకురాను. కోలిస్టిన్ పెద్ద అణువు, అగార్‌లో సరిగ్గా పాకదు. లొంగని దాని చుట్టూ కూడా జోన్ వస్తుంది. బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాల్సిందే, అంటే ద్రవంలో మందును మెట్లుమెట్లుగా పలచన చేసి ఎంతకు బ్యాక్టీరియా పెరుగుదల ఆగుతుందో చూడాలి. అందులోనూ మందు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది కాబట్టి ప్లేటు చూసి ఎంచుకోవాలి. పెరుగుదల ఆపడానికి మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములు, ఆపైన కావాల్సివస్తే రెసిస్టెంటే, అంటే లొంగనట్టే. సరే, నా ప్రశ్నకు చెప్పండి: 2017లో చైనా మేతలో కోలిస్టిన్ ఆపేశాక అక్కడి పందుల్లో ఎంసీఆర్-1 తగ్గింది. షెడ్డు తప్పేం లేకపోతే ఎందుకు తగ్గినట్టు?

పశువైద్యుడు: ఎంసీఆర్ తగ్గింది, ఒప్పుకుంటా. ఎంజీఆర్‌బీకి మాత్రం షెడ్డు తాళంతో పనిలేదు.