శుక్రాచార్యుడి లిస్టులో ఎస్‌ఎఫ్-86 లేదు

అబద్ధం ఎక్కడెక్కడ ఆడొచ్చో శుక్రాచార్యుల వారు బలి చక్రవర్తికి ఎప్పుడో లిస్టు ఇచ్చేశారు, ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళి సంబంధాల్లో, ప్రాణమో డబ్బో పరువో పోయేటప్పుడు ఆడినా పాపం లేదని. అమెరికా ప్రభుత్వానికి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు, లేకపోతే ప్రభుత్వ రహస్యాలు చూడనిచ్చే అనుమతికి, అదే సెక్యూరిటీ క్లియరెన్స్‌కి ఎస్‌ఎఫ్-86 అని వంద పేజీలు దాటిన ఫారం పెట్టి, సెక్షన్ 23లో "గత 7 ఏళ్ళలో గంజాయి గట్రా ఏమైనా వాడావా" అని ఇంత అమాయకంగా అడుగుతుందా.

నార్తర్న్ వర్జీనియాలో పుట్టి పెరిగిన మన కుర్రాడు ఒకడు, డిఫెన్స్ కాంట్రాక్టర్ (రక్షణ శాఖకి పని చేసిపెట్టే కంపెనీ) ఉద్యోగం ఆఫర్ చేతిలో పెట్టుకుని, సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతాడు. కాలేజీ రోజుల్లో కొలరాడో ట్రిప్‌లో రెండు దమ్ములు లాగాడు మరి, అదీ దొంగతనంగా కాదు, షాపులో ఐడీ చూపించి టాక్స్ కట్టి కొన్నాడు. కొలరాడో జనం 2012లో ఓటేసి ఒప్పుకున్న సరుకే, కానీ ఫెడరల్ చట్టానికి మాత్రం అది నేరం, ఆ షాపు మీద ఇన్‌కమ్ టాక్స్ తీసుకోవడం మాత్రం నేరం కాదు.

ఇప్పుడు వాట్సాప్ అంకుల్ రంగంలోకి దిగుతాడు. "ఎవరు చూశార్రా, నో అని కొట్టేయ్, ఉద్యోగం ముఖ్యం, పైగా పరువు." డబ్బూ పరువూ రెండూ ఉన్నాయి కాబట్టి శాస్త్రప్రకారం కరెక్టే. కాకపోతే శుక్రాచార్యుడు ఆ వ్యవహారంలో కమండలం మూతికి అడ్డంపడి ఒక కన్ను పోగొట్టుకున్నాడు, అంకుల్‌కి పోయేదేం లేదు.

అసలు తమాషా ఏంటంటే గంజాయిని వాళ్ళు క్షమిస్తారు. 2017 నుంచి నడుస్తున్న క్లియరెన్స్ రూల్స్‌లో ఏ నుంచి ఎమ్ దాకా 13 గైడ్‌లైన్లు, అందులో హెచ్ డ్రగ్స్‌ది, ఎప్పుడో జరిగింది, ఆ బ్యాచ్‌ని వదిలేశాను, మళ్ళీ ముడితే క్లియరెన్స్ పీకేయండి అని సంతకం పెడితే చాలావరకు వింటారు. 2014లో ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ, సైబర్ కుర్రాళ్ళని తీసుకుందామంటే కొందరు ఇంటర్వ్యూకి వచ్చే దారిలో కూడా గంజాయి కొడతామంటున్నారని వాపోయాడు పాపం, తర్వాత ఆ ఎఫ్‌బీఐయే 2021లో గంజాయి మానేసి ఇన్నాళ్ళయితేనే ఉద్యోగానికి రావాలన్న 3 ఏళ్ళ గ్యాప్ రూల్‌ని 1 ఏడాదికి దించుకుంది. అదే ఏడాది చివర్లో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ అవ్రిల్ హెయిన్స్, పాత గంజాయి ఒక్కటే చూసి తీసిపారేయొద్దని మెమో ఇచ్చింది.

క్షమించనిది ఆ "నో"ని. అది గైడ్‌లైన్ "ఈ" (నడవడిక, నిజాయితీల సంగతి చూసేది) కిందకొస్తుంది, కావాలని రాశాడని తేలితే ఫెడరల్ చట్టంలో 5 ఏళ్ళ దాకా జైలు కూడా ఉంది. పైగా దమ్ము ఏటేటా పాతబడుతుంది, అబద్ధానికి మాత్రం సంతకం పెట్టిన తారీఖే పుట్టినరోజు. వాళ్ళంతట వాళ్ళు పట్టుకోకముందే వెళ్ళి దిద్దుకుంటే కొంత మాఫీ ఉంది, కానీ అంకుల్ మెసేజ్‌లో ఆ ముక్క ఉండదు.

మనవాడు నో కొట్టాడు. కొన్నాళ్ళకి ఇన్వెస్టిగేటర్ వచ్చి పక్కింటి తలుపు కొట్టాడు, కుర్రాడు ఎలాంటివాడని. ఆంటీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెప్పింది, "బంగారంలాంటి పిల్లాడండీ, ఆ కొలరాడో ట్రిప్ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదని వాళ్ళమ్మే చెప్పింది."