సవరణ: ద్రవాలు తగలకపోయినా కొన్ని సుఖవ్యాధులు సోకుతాయి

మొన్నటి పోస్టులో "వీర్యం, యోని స్రావం, రక్తం ఒంట్లోకి వెళ్లకపోతే ఏ సుఖవ్యాధీ రాదు" అని రాశాను. అది తప్పు. హెచ్‌ఐవీకి సంబంధించిన మాటను అన్నిటికీ అంటగట్టాను.

సిఫిలిస్, హెర్పిస్ (పొక్కులు, పుండ్లు తెచ్చే వైరస్), హెచ్‌పీవీ (పులిపిర్లు, కొన్ని క్యాన్సర్లు తెచ్చే వైరస్) చర్మానికి చర్మం తగిలినా సోకుతాయి. సిఫిలిస్ మొదటి పుండు చాలామందిలో నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది కూడా. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. హెర్పిస్ అయితే పైకి ఏ పుండూ కనిపించనప్పుడు కూడా అంటుకోవచ్చు. కండోమ్ కప్పని చోట్ల నుంచి ఇవి సోకే వీలుంది కాబట్టి, కండోమ్‌తో ముప్పు బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. (కండోమ్ దండగ అని నేనన్నట్టు దయచేసి ఎవరూ షేర్ చేయొద్దు.)

హెచ్‌ఐవీ గురించి రాసింది మార్చడం లేదు. లాలాజలం, చెమట, కన్నీళ్లు, మూత్రం వల్ల అది సోకదు. తల్లిపాల ద్వారా బిడ్డకు సోకవచ్చన్న మాట మాత్రం అప్పుడు రాయలేదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది, అందుకే రేజర్లు, టూత్‌బ్రష్‌లు పంచుకోకూడదు. దానికి టీకా ఉంది.

ఈ వివరాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ జనం కోసం ఇచ్చే సమాచారంలోవి.

హెచ్‌ఐవీ సోకిందేమోనని టెన్షన్ ఉంటే, పరీక్ష ఫలితం కోసం రోజులు లెక్కపెడుతూ కూర్చోవద్దు. సోకకుండా ఆపే పీఈపీ మందులు, సోకే ముప్పు ఎదురైన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) అడగండి. న్యాకో (కేంద్ర ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఉచిత హెల్ప్‌లైన్ 1097.