ముప్పై ఒక్క ఫోటోలు, ఒక తప్పు వారం

2024లో ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం వచ్చింది. అమెరికాలో, ఒహాయోలో మా తెలుగు సంఘం చాప్టర్ వేడుక ఆ శనివారం, 13న పెట్టుకున్నాం. పబ్లిసిటీ నా నెత్తిన ఉంది కాబట్టి ఫ్లయర్ నేనే చేశాను. చేశానంటే, ముందటేడు ఫైలు తెరిచి శోభకృత్ తీసి క్రోధి పెట్టాను, మార్చి 26 తీసి ఏప్రిల్ 13 పెట్టాను, పాడేవాళ్ల ఫోటోలు మార్చాను. ప్రూఫ్ కమిటీలో తొమ్మిది మందికీ పంపాను. గంట తిరక్కుండా తొమ్మిది జవాబులూ వచ్చాయి. ఒకరి ఫోటో పాతదట. ఒకరి పేరు ముందు డాక్టర్ పడలేదట. కోశాధికారి గారు కోటు వేసుకున్నది వెతికి పంపారు. ఇంకొకరు తన ఫోటో రెండో వరసలోకి ఎందుకు వెళ్లిందని అడగలేదు గానీ, "లేఅవుట్ కొంచెం చూడమ్మా" అన్నారు. మిగతావాళ్లు బొటనవేలు చూపించారు.

ఏప్రిల్ 13 పక్కన 'ఆదివారం' అని ఉంది. తొమ్మిది మందిలో ఒక్కరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు. ముందటేడు వేడుక ఆదివారం జరిగింది, ఆ ఒక్క మాట మార్చడం మర్చిపోయాను.

రెండో రోజు ఎవరో చూసి చెబితే దిద్ది మళ్లీ పంపాం. ఈలోపు మొదటిది ఊరు చుట్టేసింది. వేడుక బాగానే జరిగింది, హాలు నిండింది, పులిహోర మిగల్లేదు. మర్నాడు ఆదివారం సరిగ్గా నాలుగింటికి నా ఫోన్ మోగింది. "మేడం, స్కూలు దగ్గర ఎవరూ లేరండీ. మేం కరెక్ట్ చోటికే వచ్చామా?" అని ఒకాయన. వెనక చిన్నపిల్ల ఏడుపు. భార్య, పట్టులంగా కట్టిన రెండేళ్ల పాప, చేతిలో ఇంటి నుంచి చేసి తెచ్చిన ఉగాది పచ్చడి డబ్బా. ఫిబ్రవరిలో ఈ ఊరు వచ్చారట. ఆఫీసులో ఎవరో ఫ్లయర్ ఫార్వర్డ్ చేశారట. వాళ్లు మా గ్రూపులో లేరు, దిద్దిన ఫ్లయర్ వాళ్లదాకా రాలేదు.

అప్పుడు తట్టింది నాకు. మా ఊళ్లో నాలుగేళ్లుగా ఉంటున్నవాళ్లు ఎవరూ ఆదివారం రాలేదు. వాళ్లు ఫ్లయర్ చూసి రారు. పక్కింటివాళ్లు వెళుతున్నారని వస్తారు, పిల్ల డాన్సు ఉందని వస్తారు, భోజనానికి డబ్బు కట్టేశాం కదా అని వస్తారు. ఫ్లయర్‌నే నమ్ముకుని కారెక్కేది ఊళ్లో ఎవరూ తెలియనివాళ్లు. మన తప్పు దెబ్బ సరిగ్గా వాళ్లకే తగులుతుంది.

ఆ రాత్రి కూర్చుని నా ఫ్లయర్‌లో ముఖాలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. జాతీయ అధ్యక్షులు, కాబోయే అధ్యక్షులు, ప్రాంతీయ ప్రతినిధి, మా కమిటీ, సలహాదారులు, స్పాన్సర్లు, ఆ మూల గాయని. ఫోన్లో చూస్తే తేదీ చిటికెన వేలి గోరంత. చిరునామా అంతకంటే చిన్నది. సంఘాల ఫ్లయర్లు ఇలాగే ఎందుకుంటాయో నాకు తెలియనిది కాదు. ఇక్కడ ఎవరికీ జీతం లేదు. వారాంతాలు పోగొట్టుకుని, చేతి డబ్బు పెట్టుకుని, కుర్చీలు మోసి, ఇంట్లో మాటలు పడి పని చేస్తారు. దానికి దక్కేది ఆ ఫోటో ఒక్కటే. మా అధ్యక్షులు గారు "అమ్మా, తెలిసిన ముఖం చూస్తేనే నలుగురు వస్తారు" అన్నదీ అబద్ధం కాదు. కాకపోతే ఆ నలుగురూ ఎలాగూ వచ్చేవాళ్లే.

ఆ మే నెలలో మా అత్తయ్య తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. మాతృదినోత్సవం ఫ్లయర్ ట్యాబ్‌లో పెద్దది చేసి ఆవిడ చేతికిచ్చాను. కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందికి చదివి, "ఇంతమంది ఉన్నారు గానీ భోజనం ఎన్నింటికో వెయ్యలేదేమే?" అన్నారు. తర్వాత "కారు లేనివాళ్లని ఎవరు తీసుకెళతారు?" అన్నారు. ఆఖరున "మన శుభలేఖల్లో కూడా చుట్టాల పేర్లు బారెడు వేస్తాం. అయినా ముహూర్తం మధ్యలో పెద్దక్షరాల్లో ఉంటుంది, విందు ఎక్కడో ఉంటుంది. పేర్లు అడుగున ఉంటాయి" అన్నారు. నేను రెండేళ్లుగా చూసిన డిజైన్ పాఠాల్లో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చాను. వేడుకకు ముందు వెళ్లే ఫ్లయర్‌లో కమిటీ ఫోటోలు లేవు. వారం, తేదీ, టైము, చోటు, భోజనం ఎన్నింటికి, టికెట్ ఎంత, కారు కావాలంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి. అన్నీ తెలుగులో, అవే కింద ఇంగ్లీషులో, తెలుగు చదవలేని పిల్లలకోసం, కోడళ్లకోసం, అల్లుళ్లకోసం. ఒక క్యూఆర్ కోడ్, అది తీసుకెళ్లేది మేం ఎప్పుడైనా దిద్దగలిగే పేజీకి. చేయిదాటిన బొమ్మని ఎవరూ వెనక్కి పిలవలేరు, ఆ పేజీలో మాత్రం జనవరి మంచుకు సంక్రాంతి వాయిదా పడితే అప్పటికప్పుడు రాయొచ్చు. వేడుక అయ్యాక సోమవారం ధన్యవాదాల ఫ్లయర్ వెళుతుంది. అందులో ముప్పై ఒకటేమిటి, అరవై ముఖాలు వెయ్యమన్నా వేస్తాను. కుర్చీలు మడిచినవాళ్లవి కూడా.

టైము సంగతి ఇంకా గెలవలేదు. 5:30కి మొదలయ్యేదానికి 4 అని వేస్తాం, మనవాళ్లు ఎలాగూ ఆలస్యంగా వస్తారని. మనవాళ్లకి ఆ లెక్క తెలుసు. కొత్తవాళ్లకి తెలియదు పాపం. వాళ్లు 3:55కి వచ్చి మైకు తీగలు దాటుకుంటూ ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడవారన నిలబడతారు. అచ్చువేసిన టైముకి దీపం వెలిగించాలని ప్రతి మీటింగులో అంటున్నాను. నవ్వుతున్నారు.

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో చాటింపు వేసేవారు. డప్పు మోగేది, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని సంగతి చెప్పి పక్క వీధికి వెళ్లేవాడు. ఆ డప్పు కొట్టినవాణ్ని అరుగు మీద కూర్చోనివ్వని ఊరే అది, దాన్ని తలుచుకుని మురిసిపోవడానికేం లేదు. అయినా ఒకటి నిజం. చాటింపు వీధి వీధికీ నడిచి వెళ్లేది. మన వాట్సాప్ గ్రూపు ఎక్కడికీ వెళ్లదు, ఎవరో చేర్చితేగాని అందులోకి రాలేం. ఒక్కో గ్రూపులో 1,024 మందికే చోటు. మాకు రెండున్నాయి, రెండింట్లోనూ సగం మంది వాళ్లే. బ్రాడ్‌కాస్ట్ జాబితా పెడదామంటే 256 దగ్గర ఆగుతుంది, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. కొత్తగా దిగినవాళ్ల ఫోన్లో మన నంబరు ఎందుకుంటుంది? "గ్రూపులో వేశాం కదా" అని మేం మీటింగులో చెప్పుకున్నప్పుడల్లా, ఊళ్లో సగం తెలుగువాళ్లని లెక్కలోంచి తీసేసినట్టే. ఆ గ్రూపులో కూడా శుభోదయాల కింద, హెచ్1బి పుకార్ల కింద, రూమ్మేట్ కావలెను కింద ఫ్లయర్ పూట తిరక్కుండా పూడుకుపోతుంది.

కాబట్టి నేను కాగితం పట్టుకుని తిరుగుతున్నాను. ఇండియన్ కిరాణా కొట్టు కౌంటర్ దగ్గర, గుళ్లో చెప్పులు విడిచే చోట, యూనివర్సిటీ విద్యార్థి సంఘం వాళ్ల చేతికి. కొట్టాయన కరివేపాకు కట్టల పక్కన అతికించనిచ్చాడు, "డేట్ అయిపోగానే నువ్వే పీకెయ్యాలి" అన్న షరతు మీద. కిందటి దీపావళికి ఎలా తెలిసిందని గుమ్మం దగ్గర అడుగుతుంటే "కరివేపాకు దగ్గర చూశామండీ" అన్న కుటుంబాలు నాలుగు.

ఈమెయిలు గురించి రెండు ముక్కలు. నాకు ముందున్నాయన తన సొంత జీమెయిల్ నుంచి అందరి చిరునామాలూ పైన కనబడేలా పంపారు. రెండు వారాల్లో మా సభ్యులందరికీ ఒక ఇళ్ల ఏజెంటు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకి 500 మంది దాటి పంపనివ్వరు కూడా. సంఘం పేరుతో డొమైన్, ఉత్తరాలు పంపే ఒక సర్వీసు, వద్దనుకున్నవాళ్లు తప్పుకునే బటన్. ఈ మూడూ ఉంటే చాలు. సంఘం ఎన్నికలొస్తే ప్యానెళ్లవాళ్లు "ఆ లిస్టు ఒకసారి" అని అడుగుతారు. నన్ను ఇద్దరు అడిగారు, ఇద్దరూ నాకు ఇష్టమైనవాళ్లే. ఇవ్వలేదు. సభ్యులు ఆ చిరునామా ఇచ్చింది ఉగాది ఎప్పుడో తెలుసుకోవడానికి.

స్పాన్సర్ల విషయంలో నాకూ తెలియనిది ఒకటుండేది. మా సంఘం 501 సి 3, అంటే ఇక్కడి పన్ను చట్టం లెక్కలో లాభం చూసుకోని సేవా సంస్థ. స్పాన్సర్ పేరు, లోగో, చిరునామా వేసి కృతజ్ఞత చెబితే అది విరాళం కిందే ఉంటుంది. "ఊళ్లోకెల్లా మంచి బిర్యానీ, ఇవాళే రండి, 20 శాతం తగ్గింపు" అని మనమే రాస్తే అది ప్రకటన అవుతుంది, పన్ను లెక్క మారుతుంది. మా ఖాతాలు చూసే సీపీఏ గారు చెప్పేదాకా నేను బిర్యానీని బాగా పొగిడాను. అలాగే ఇండియాలోనైనా ఇక్కడైనా ఎన్నికల్లో నిలబడ్డవాళ్లకి ఓటెయ్యమనే బొమ్మలు సంఘం పేజీలో పెట్టనివ్వను. ఇక్కడి అభ్యర్థుల విషయంలో చట్టం ఒప్పుకోదు, అక్కడివాళ్ల విషయంలో మా గ్రూపు తట్టుకోదు.

తెలుగు అక్షరాల అవస్థ వేరే కథ. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగు మార్చకపోతే వత్తులు ఊడి పక్కన పడతాయి, లక్ష్మి ముక్కలవుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఉన్న సందేశం వస్తే చాలు ఐఫోన్లు కుప్పకూలేవి, గుర్తుందా? యాపిల్ దాన్ని సరిచేసింది. ఊడిన వత్తులు మాత్రం మనమే సరిచేసుకోవాలి. సిలికానాంధ్రవాళ్లు రామభద్ర, మల్లన్న, ధూర్జటి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. అవుండగా 'Sankranthi' అని పరాయి లిపిలో ఎందుకు రాసుకోవాలో అని మా అత్తయ్య అడిగితే, నా దగ్గర జవాబు లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇక చెప్పేది ఇంకో ఎత్తు.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం రాత్రి మా ఊరి దగ్గర కారు ప్రమాదంలో ఒక విద్యార్థి పోయాడు. పన్నెండు దాటకముందే మా గ్రూపులో ఎవరో అతని పాస్‌పోర్టు పేజీ ఫోటో, ఊరిపేరు, తండ్రిపేరు పెట్టి, కింద చేతులు జోడించారు. ఇక్కడ అర్ధరాత్రంటే అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. రూమ్మేట్లు అప్పటికింకా ఇంట్లో ఎవరికి ముందు చెప్పాలా అని అతని బాబాయి నంబరు వెతుకుతున్నారు. నేను అడ్మిన్‌గా ఆ పోస్టు తీసేశాను. తీసేసేసరికి పదకొండు నిమిషాలు గడిచాయి. ఆ ఇంటికి కబురు బాబాయి కంటే ముందు పక్కింటివాళ్ల ఫోన్లో చేరింది.

సాయం చెయ్యాలన్న తొందరే అది, ఎవరిలోనూ చెడు లేదు. అందుకే దీనికి మందు కష్టం. ఆ తర్వాత మేం ఒక ఒప్పందానికి వచ్చాం. కుటుంబంలో ఒకరు తమ గొంతుతో సరే అనేదాకా పేరు బయటికి రాదు. పాస్‌పోర్టు, ఇంటి చిరునామా, ఆసుపత్రి కాగితాలు ఎప్పుడూ రావు. విరాళాల లింకు కుటుంబం ఒప్పుకున్నవాళ్లు పెట్టిన ఒక్కదానికే ప్రచారం. మాది ఒహాయో, అంటే న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ పరిధి. ఆ నంబరు, తానా టీమ్‌స్క్వేర్ లాంటి సహాయ బృందాల నంబర్లు నా ఫ్రిజ్ మీద అతికించి ఉన్నాయి. అలాంటి రాత్రి గ్రూపులో "ఏం జరిగింది, ఎందుకు చెప్పట్లేదు, కమిటీ నిద్రపోతోందా" అని వంద మంది అడుగుతారు. "వివరాలు కుటుంబం చెప్పాక చెబుతాం" అని ఒక్క వాక్యం పెట్టి, గ్రూపు లాక్ చేసి, తిట్లు తింటూ కూర్చోవాలి. ఈ పదవికి మనిషిని వెతికేటప్పుడు కాన్వా వచ్చా, రీల్స్ వచ్చా అని అడుగుతున్నాం. ఆ రాత్రి నోరు కట్టుకుని కూర్చోగలరా అని నేనైతే ముందు అడుగుతాను.

డిసెంబరుతో నా పదవీకాలం అయిపోతోంది. వచ్చేవాళ్లకోసం ఒక నోట్‌బుక్ రాస్తున్నాను. పాస్‌వర్డ్లు, కిరాణా కొట్టాయన షరతు, ఏ బడి ఆడిటోరియం పేరు మ్యాపులో తప్పు గుమ్మానికి తీసుకెళుతుందో, ప్రూఫ్ చూసేటప్పుడు ముందు క్యాలెండర్ తెరిచి వారం సరిచూసుకోవాలని. ఆ ఆదివారం జంట నంబరు కూడా అందులో ఉంది. ఆ జంటలో ఆవిడ ఇప్పుడు మా ప్రూఫులు చూస్తున్నారు, ఫోటోలు ఆవిడకి కనబడవు, అంకెలే కనబడతాయి.

ఒక్కటే పెండింగు. మా వెబ్‌సైటు డొమైన్ ఇప్పటికీ ఆరేళ్ల కిందటి కార్యదర్శి సొంత క్రెడిట్ కార్డు మీద నడుస్తోంది. ఆ కార్డు గడువు మార్చిలో తీరుతుంది, ఉగాదికి ముందు. ఆయన టెక్సస్ వెళ్లిపోయారట. కొత్త నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి గ్రూపులో పెట్టకండి, నాకు ఫోన్ చేసి చెప్పండి.