బంకులో ధర పెరిగింది జవాను వల్ల కాదు

మా శ్రీకాకుళం గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "పెట్రోలు, డీజిల్ ధరలు పెరగడానికి సైన్యాల వాడకమే కారణం. వాళ్లకు ఖర్చు లెక్కే లేదు. ట్యాంకులు, ట్రక్కులు తగ్గిస్తే మన బంకులో ధర దిగుతుంది." జవాన్ల ఇళ్లవాళ్లు ఉన్న గ్రూపుల్లోనే ఇది ఫార్వర్డ్ అవుతుంటే చాలా బాధేసింది.

ముందు వాడకం సంగతి చూద్దాం. ప్రపంచంలో ఇంధనం అత్యధికంగా కాల్చే సంస్థ అమెరికా సైన్యం అన్నది నిజమే. అయితే 2017లో అది ఏడాదంతా వాడింది సుమారు 8.5 కోట్ల బారెళ్లు. అప్పట్లో ప్రపంచమంతా కలిసి ఒక్క రోజులో వాడేది అంతకంటే ఎక్కువ! ఇక మన బంకు ధరంటారా, ముడి చమురులో 80 శాతానికి పైగా దిగుమతే. రూపాయి పడినా ధర పెరుగుతుంది. ఆపైన కేంద్రం ఎక్సైజ్ సుంకం, రాష్ట్రం వ్యాట్. 2020లో కరోనా వచ్చి ముడి చమురు ధర కుప్పకూలితే, మే నెలలో కేంద్రం లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు సుంకం పెంచింది. ఏడు రోడ్ల కూడలిలో ఆటో నడిపేవాళ్లకు ఆ తగ్గుదల అందనే లేదు. ఇందులో జవాను చేసిందేముంది?

"ఖర్చు లెక్కే లేదు" అనడం మరీ అన్యాయం. బారెల్‌కు 10 డాలర్లు పెరిగితే ఏడాదికి దాదాపు 130 కోట్ల డాలర్ల అదనపు భారమని అమెరికా రక్షణ శాఖే ఒకప్పుడు లెక్క చెప్పింది. పైగా కొన్న ధర ఒక్కటే ఖర్చు కాదు, మోసుకెళ్లడానికి అయ్యేది ఇంకా ఎక్కువ. 1984 నుంచి మనవాళ్లు కాపలా కాస్తున్న సియాచిన్‌లో తాగే నీళ్లు కావాలన్నా మంచు కరిగించాలి, దానికి కిరోసిన్ ఉండాలి. పై పోస్టులకు అది హెలికాప్టర్లలోనో మనుషుల వీపుల మీదో చేరాలి. అఫ్గానిస్థాన్‌లో 2007లో అమెరికా ఇంధన కాన్వాయ్‌లు 24 వెళ్తే సగటున ఒకరు చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ ప్రాణాల్ని ఏ లెక్కలో రాస్తారు?

తగ్గించే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. మన వాయుసేన 2019 గణతంత్ర దినోత్సవాన 10 శాతం జీవ ఇంధనం కలిపి ఏఎన్-32 విమానాన్ని ఢిల్లీలో ఎగరేసింది. ట్రక్కుల్ని తగ్గించమనేవాళ్లు మాత్రం, జోజిలా కనుమను మంచు కప్పేసేలోపు లద్దాఖ్‌కు చలికాలం సరుకు ఎలా చేర్చాలో కూడా చెప్పాలి.