గట్టు మీద చెట్టు, గట్టు లేని రైతు

పేదరికానికి మందు దొరికింది. పొలం గట్టు మీద చెట్టు పెంచడమేనట. పొలంలోనే పంటతో పాటు చెట్లు పెంచే ‘వ్యవసాయ అడవుల పెంపకానికి’ ఒక జాతీయ విధానం రాసుకున్న మొదటి దేశం మనదే, 2014లో. రెండేళ్లకు ‘ప్రతి గట్టు మీదా చెట్టు’ అంటూ కేంద్రం పథకం కూడా తెచ్చింది. పంటతో పాటు చెట్టు ఉంటే, వాన మొహం చాటేసిన ఏడాది కూడా కలపో కాయో మేతో చేతికొస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. నా టెన్షనంతా గట్టు గురించే.

మన ఊళ్లలో గట్టంటే ఖాళీ జాగా కాదు, అన్నదమ్ముల మధ్య నడుస్తున్న కోర్టు కేసు. అక్కడ టేకు నాటితే వేర్లు తమ్ముడి చేలోకి, నీడ బాబాయి మినుము మీదికి, మాట పెద్దమనుషుల దగ్గరికి పోతాయి.

సరే, గట్టు తగాదా లేని రైతునే చూద్దాం. కౌలు రైతు. ఆయనకు గట్టే లేదు! 2019 చట్టం ప్రకారం ఆంధ్రలో ఆయనకిచ్చే సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. టేకు కోతకు రావాలంటే ఇరవై ఏళ్ల పైమాటే. కాబట్టి పదకొండు నెలల్లో మానయ్యే టేకును శాస్త్రవేత్తలు వెంటనే కనిపెట్టాలి. ఈలోగా ఆయన తొందరపడి ఓ మొక్క నాటాడా, ఆసామి సాయంత్రానికల్లా చేలో ఉంటాడు: “ఏమయ్యా, చెట్లు పెడుతున్నావ్, ఇక్కడే ఉండిపోదామనా?” మరుసటి ఏడు పొలం ఇంకొకరికి.

సొంత పట్టా ఉన్నవాడి సుఖం వేరు. తాత నాటిన టేకు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతికి అర్జీ పెట్టుకుని తిరుగుతాడు. ఎర్రచందనమైతే మరీ విచిత్రం. శేషాచలం అడవిలో దొంగకు ఒక రాత్రి చాలు, సొంత చేలో పెంచిన రైతు మాత్రం అది తన చెట్టేనని ముందు నిరూపించుకోవాలి. ఈ గొడవంతా ఎందుకని నందిగామ వైపు సుబాబుల్ వేసినవాళ్లు కర్ర రేటు ఎంతో పేపరు మిల్లు చెబితే వింటారు.

అరకు, పాడేరుల్లో మాత్రం సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మానులకే మిరియాల తీగ పెంచి గిరిజన రైతులు నాలుగు డబ్బులు చూస్తున్నారు. అక్కడ చాలామందికి భూమి మీద హక్కుంది, కాఫీ కొనడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. ఈ రెండూ ఉంటే చాలని బయటపడితే, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు ఏమైపోవాలి?

అందుకని ఈ ఏడు కూడా మొక్కలే పంచుదాం. ఫోటోలో కౌలు రైతును ముందు వరసలో నిలబెడదాం. మొక్క ఉన్న నల్ల కవరు మాత్రం చింపొద్దని చెప్పండి, వచ్చే ఏడు ఏ పొలం దొరికితే అక్కడికి పట్టుకెళ్తాడు.