చేసిన చేతుల్నే అడగాలి

‘పాడుతా తీయగా’ చూస్తూ పెరిగిన వాళ్లకు ఈ దృశ్యం కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక అమ్మాయి పాట ముగిస్తుంది. చప్పట్లు పడతాయి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం వెంటనే తీర్పు చెప్పరు. ముందు ఆ పాట కథ చెబుతారు. ట్యూన్ ఎవరు కట్టారో, కవి ఆ చోట ఆ మాటే ఎందుకు వేశాడో, చరణంలో ఆ సంగతి, అంటే ఆ స్వరాల మలుపు, పలకాలంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వివరిస్తారు. ‘శ’ను ‘స’గా పలికితే ఊరుకోరు. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమం పేరుకు పాటల పోటీ. ఇళ్లలో మాత్రం అది వారం వారం జరిగిన పాఠం. సరిగమలు రాని వాళ్లు కూడా ‘ఇక్కడ సంగతి సరిగా పడలేదు’ అని అన్నం తింటూ మాట్లాడుకున్నారంటే ఆ పాఠం వల్లే.

జనానికి టెక్నికల్ మాటలు ఎక్కవని సినిమా, టీవీ రంగాల్లో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. పత్రికల్లోనూ ఉంది. ఆ నమ్మకం తప్పని ఒక గాయకుడు ఏళ్ల తరబడి, లక్షల ఇళ్ల సాక్షిగా నిరూపించాడు. పని తెలిసిన మనిషి తన పని గురించి ప్రేమగా చెబితే జనం వింటారు. ఇంకా చెప్పమని అడుగుతారు. 2020 సెప్టెంబరు 25న బాలు వెళ్లిపోయారు. ఆయన చెప్పిన మాటలు మాత్రం టేపుల్లో ఉన్నాయి. ఆ పాటలకే వయొలిన్ వాయించిన వాళ్ల మాటలు, ఆ గొంతును రికార్డు చేసిన సౌండ్ ఇంజినీర్ల మాటలు ఎక్కడున్నాయి?

సినిమా గురించి మాట్లాడే వేదికలకు ఇవాళ కొదవ లేదు. ట్రైలర్ లాంచ్, ప్రీ రిలీజ్ ఈవెంట్, సక్సెస్ మీట్, ఆ తర్వాత వరుసగా యూట్యూబ్ ఇంటర్వ్యూలు. గంటల కొద్దీ మాటలు దొర్లుతాయి. అందులో కెమెరామన్‌కు దక్కేది ఒక నిమిషం. ఆ నిమిషంలో హీరోకు, దర్శకుడికి, నిర్మాతకు థ్యాంక్స్ చెప్పి మైకు ఇచ్చేస్తాడు. ఎడిటర్ను పిలిచేసరికి హాలంతా హీరో కోసం ఈలలు వేస్తుంటుంది. ఆరు నెలలు సెట్ వేయించిన ఆర్ట్ డైరెక్టర్‌ను ‘ఈ గోడకు ఈ రంగే ఎందుకు?’ అని అడిగే వాళ్లుండరు. మేమూ అడగలేదు. పాత్ర ఎలా ఉంటుంది, తర్వాతి ప్రాజెక్ట్ ఏమిటి అన్న ప్రశ్నలతో ఏళ్ల తరబడి సినిమా పేజీ నింపింది మేమే కాబట్టి ఈ తప్పులో మా వాటా ఒప్పుకుంటున్నాం.

ఈ నిర్లక్ష్యం ఖరీదు ఎంతో తెలియాలంటే ‘మాయాబజార్’నే చూడాలి. 1957 నాటి సినిమా. అందులో పడవ పాట మీద పరుచుకున్న వెన్నెల గురించి మూడు తరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాం. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పేరు కూడా గౌరవంగా తలుచుకుంటాం. కానీ ఆ వెన్నెల ఎలా చేశారు? దీపాలు ఎక్కడ పెట్టారు? నీటి మీద మెరుపు కోసం ఏం చేశారు? ఎన్నిసార్లు కుదరక మళ్లీ తీశారు? ఎవర్ని అడిగినా తలా ఒక కథ చెబుతారు. బార్ట్‌లీ 1993 దాకా బతికే ఉన్నారు. అంటే సినిమా వచ్చాక 36 ఏళ్లు. ఒక మనిషి టేప్ రికార్డర్ పట్టుకుని రెండు రోజులు ఆయన ఎదురుగా కూర్చోవడానికి 36 ఏళ్లు చాలా ఎక్కువ కాలం. అలా ఎవరైనా కూర్చుని ఉంటే, ఆ మాటలు ఒక సినిమా విద్యార్థికి తేలిగ్గా దొరికే చోట ఎందుకు లేవు?

అదే సినిమా గురించి ఇంకొక సంగతి మాత్రం మనకు బాగా తెలుసు. దర్శకుడు కె.వి. రెడ్డి షూటింగుకు ముందే స్క్రిప్టును స్టాప్‌వాచ్ పెట్టి చదివించి, ఏ సీను ఎన్ని నిమిషాలు రావాలో తేల్చుకునేవారు. ఇది తెలిసిందంటే ఆయన దగ్గర పనిచేసిన వాళ్లు నోరు విప్పి చెప్పారు గనకే. 1931లో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు తన గురువు పద్ధతుల గురించి అడిగిన వాళ్లందరికీ ఓపికగా చెబుతూ వచ్చారు. 1987లో అదే సింగీతం మాటలే లేని సినిమా ‘పుష్పక విమానం’ తీశారు. మాట సాయం లేని చోట నవ్వు పండాలంటే చూపుకు ఎంతసేపు, కదలికకు ఎంతసేపు అన్న లెక్క తెలిసుండాలి. ఆ లెక్కలో గురువుగారి స్టాప్‌వాచ్ చప్పుడు మాకు వినిపిస్తుంది. విద్య ఒక చేతి నుంచి మరో చేతికి అలా అందుతుంది. మధ్యలో చెప్పేవాడు ఒకడుండాలి, అడిగేవాడు ఒకడుండాలి.

కలం పట్టడం అలవాటున్న వాళ్లు ఎలాగో తమ మాట దక్కించుకున్నారు. భానుమతి ‘నాలో నేను’ రాశారు. ముళ్లపూడి వెంకటరమణ ‘కోతి కొమ్మచ్చి’లో బాపుతో కలిసి సినిమాలు తీసిన కష్టసుఖాలు రాశారు. సిరివెన్నెల సీతారామశాస్త్రి తన పాటల వెనకున్న ఆలోచనను పుస్తకంగానూ, సభల్లోనూ విప్పి చెప్పారు. రాయడం వృత్తి కాని వాళ్ల సంగతేమిటి? ఎన్టీఆర్‌ను తెర మీద దేవుడిలా నిలబెట్టడంలో మేకప్ మన్ పీతాంబరం చేతికి ఎంత భాగముందో పాతతరం ప్రేక్షకులకు తెలుసు. ఆ చేయి నుదుటి మీద నామం ఎంత వెడల్పు ఉండాలో ఎలా నిర్ణయించేదో, లైట్ల వేడికి రంగు కరగకుండా ఏం చేసేదో ఎక్కడ చదువుతాం?

ఇప్పుడు తొందరపడాల్సిన తరం ఒకటుంది. ఫిల్ము మీద పనిచేసిన తరం. కెమెరాలు డిజిటల్ అయ్యాక వాళ్ల పనుల్లో కొన్ని పూర్తిగా పోయాయి. నెగటివ్ కటింగ్‌నే తీసుకోండి. ఎడిటర్ కోసి అతికించిన పాజిటివ్ ప్రింటును పక్కన పెట్టుకుని, ఫిల్ము అంచున ఉండే నంబర్లు సరిచూసుకుంటూ అసలు నెగటివ్‌ను కోయాలి. నెగటివ్ ఒక్కటే ఉంటుంది. కత్తెర ఒక ఫ్రేము పక్కకు పడితే కోట్లు పెట్టి తీసిన షాట్ చెడిపోయినట్టే. దుమ్ము పడకూడదు, వేలిముద్ర పడకూడదు. అంత టెన్షన్ మధ్య జీవితమంతా పనిచేసిన వాళ్ల పేరు టైటిల్స్‌లో కనిపించిందో లేదో కూడా చూడకుండా మనం సీట్లలో సర్దుకునేవాళ్లం.

డబ్బింగ్ కూడా అంతే. ఒక డైలాగ్ ఉన్న ఫిల్ము ముక్కను రెండు కొసలూ అతికించి లూప్ చేసేవారు. అది తెర మీద మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, పెదవుల కదలికకు సరిగ్గా అతికేదాకా ఆర్టిస్టు అదే మాట చెబుతూ ఉండాలి. మాట రాసే వాళ్లదీ ఒక ప్రత్యేక విద్యే. తెర మీద పెదవులు కలిసిన చోట ‘ప’, ‘బ’, ‘మ’ల్లో ఒకటి పడాలి. అర్థం చెడకూడదు, తెలుగు తెలుగులా ఉండాలి. ఇవాళ ఓటీటీల్లో అన్ని భాషల సినిమాలూ తెలుగులో దొరుకుతున్నాయి. వాటిలో చాలా వాటి తెలుగు వింటుంటే ప్రాణం విసిగిపోతుంది. వాక్యం తెలుగులో ఉంటుంది, నడక ఉండదు. ఇలాంటి డబ్బింగ్ మాటలు రాస్తున్న కుర్రాళ్లను తిట్టి లాభం లేదు. ఆ విద్యలో ఆరితేరిన పాతవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశం వాళ్లకు ఎవరు కల్పించారు? కనీసం వాళ్లు వినడానికి పది గంటల రికార్డింగ్ అయినా ఉందా?

అడిగితే ఎంత విలువైన మాటలు బయటికొస్తాయో 2023లో చూశాం. ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. ఆ సందర్భంలో ప్రపంచం నలుమూలల నుంచి విలేకరులు అడిగింది పని గురించే. పాటలో చాలా భాగం ఒక్క పూటలోనే వచ్చిందనీ, మిగిలిన కొంచెం పూర్తవడానికి 19 నెలలు పట్టిందనీ ఆ పాట రాసిన చంద్రబోస్ చెప్పారు. తన ఊరు చల్లగరిగ జ్ఞాపకాలు ఆ చరణాల్లోకి ఎలా వచ్చాయో చెప్పారు. ఆ పంతొమ్మిది నెలల మాట పాటలు రాయాలనుకునే కుర్రాడికి ఎంత ధైర్యమిస్తుందో ఆలోచించండి. మన పక్కనే ఉన్న కవిని ఈ ప్రశ్న అడగడానికి ఆస్కార్ దాకా ఆగాల్సిన పనేముంది?

సినిమా, టీవీలే కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు తెరల మధ్యే పుట్టి పెరిగారు. రంగస్థలం మీద మాయలు చేసే తాళ్లూ పరదాల రహస్యం వాళ్లకు ఉగ్గుపాలతోనే వచ్చింది గనక కాగితం మీద పెట్టే అవసరం పడలేదు. ఇప్పుడు ఆ పిల్లలు వేరే చదువులకు, ఉద్యోగాలకు వెళ్తున్నారు. వెళ్లాలి కూడా, వాళ్లను ఆపే హక్కు ఎవరికీ లేదు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. దీపం వెలుగు దాటి రావాలంటే మేక తోలును ఎంత పలచగా చేయాలి, బొమ్మ నగల కోసం పొడిచే రంధ్రాలు ఎంత సన్నంగా ఉండాలి, రాత్రంతా ఆడే ఆటలో పద్యం ఎక్కడ ఆపి హాస్యం ఎక్కడ ఎత్తుకోవాలి. ఇదంతా శాలువా కప్పిన వేదిక మీద చెప్పగలిగేది కాదు. వాళ్ల వాకిట్లో, పని జరుగుతుండగా, కెమెరా పెట్టి అడగాలి.

బ్రిటన్‌లో ఈ పని మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, కార్మిక సంఘం. 1987లో సినిమా, టీవీ యూనియన్ సభ్యులే తమ పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల పని జీవితాన్ని రికార్డు చేయడం ప్రారంభించారు. స్టార్లతో పాటు క్లాపర్ బాయ్‌లు, ల్యాబ్ మనుషులు కూడా మాట్లాడారు. అమెరికాలో టెలివిజన్ అకాడమీకి చెందిన ఫౌండేషన్ 1997 నుంచి ఇలాంటి సుదీర్ఘ ఇంటర్వ్యూలు చేస్తోంది. వాటిలో చాలా భాగం ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

సినిమా తయారీలోని పని విభాగాలన్నిటికీ కలిపి మనకు 24 క్రాఫ్ట్స్ అన్న మాట ఉంది. ప్రతి క్రాఫ్టుకూ యూనియన్ ఉంది, సభ్యుల రిజిస్టర్ ఉంది. ఎవరి వయసెంతో, ఎవరు ఏ సినిమాలకు పనిచేశారో తెలిసేది వాళ్లకే. ప్రతి యూనియన్ తన సీనియర్ సభ్యుల్లో ఏడాదికి పదిమందిని ఎంచుకుని కూర్చోబెడితే, ఏడాదికి 240 మంది మాటలు దక్కుతాయి. చెన్నైలోనే ఉండిపోయిన తెలుగు సాంకేతిక నిపుణులతో మొదలుపెడితే మంచిది. ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉన్న వడపళనిలో ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది. ఆ ఫ్లోర్ల మీద నడిచిన మనుషులు కొందరు ఆ చుట్టుపక్కల వీధుల్లోనే ఉన్నారు.

తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇచ్చింది. 1964 నుంచి దశాబ్దాల పాటు నంది అవార్డులు నడిచాయి. వీటిలో సాంకేతిక విభాగాలకూ బహుమతులున్నాయి. ఇక మీదట అవార్డు అందుకున్న ప్రతి టెక్నీషియన్‌తో కనీసం మూడు గంటల సంభాషణ రికార్డు చేసి, అందరికీ అందుబాటులో పెట్టాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. అవార్డు సభకు అయ్యే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు. ఆ సంభాషణ చేసేవాళ్లు కూడా పని తెలిసిన వాళ్లై ఉండాలి. ఎడిటర్‌ను మరో ఎడిటరే అడగాలి. తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల విభాగం ఉంది. అక్కడి విద్యార్థులకు ఇదొక ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. వృద్ధ కళాకారుల ఇంటర్వ్యూలు యూట్యూబ్‌లో ఇప్పటికే బోలెడున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, వాటిలో కొన్ని నిజంగా బాగున్నాయి. కానీ రెండు గంటలు తన పని గురించి చెప్పిన పెద్దమనిషి నోట పొరపాటున జారిన ఒక్క మాటను పట్టుకుని, ‘ఆ హీరో నన్ను ఏడిపించాడు’ అని థంబ్‌నెయిల్ పెట్టే ఛానళ్లూ ఉన్నాయి. మర్నాడు ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఆ తర్వాత ఆయన మళ్లీ నోరు తెరవడు. ఒక్క వీడియోకు వచ్చిన వ్యూస్ కోసం ఒక మనిషి జీవితకాలపు విద్యకు తలుపులు మూయించడం దుర్మార్గం. ఇలాంటి వాళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు, ఏది ప్రచురించాలో ఏది వద్దో చెప్పే హక్కు వాళ్లకే ఉండాలి. గంటల సమయం ఇచ్చినందుకు తగిన పారితోషికం కూడా ఇవ్వాలి. వాళ్లలో చాలామందికి పెన్షన్ లేదు.

మా వంతు పని మేం మొదలుపెడుతున్నాం. ఇక నుంచి ఆదివారం సినిమా పేజీలో సగం, పనిచేసిన వాళ్లు తమ పని గురించి చెప్పే మాటలకే కేటాయిస్తాం. మీ ఇంట్లోనో మీ వీధిలోనో సెట్లకు రంగులు వేసిన వాళ్లు, కోరస్ పాడిన వాళ్లు, హీరోలకు బట్టలు కుట్టిన వాళ్లు, నాటకాలకు హార్మోనియం వాయించిన వాళ్లు ఉంటే మాకు రాయండి. మా విలేకరి వచ్చి కూర్చుంటారు. ఎవరితో పనిచేశారన్నది తర్వాత అడుగుతారు, ముందు ఎలా చేశారో అడుగుతారు.