స్లాబు లేని ఇంటిని హైదరాబాద్ ఒప్పుకుంటుందా?

మట్టి నింపిన సంచులతో, చేత్తో కట్టుకునే చిన్న గుమ్మటం ఇంటి గురించి ఎవరు మాట్లాడినా ముందుగా వినిపించేది మట్టి చవక అనే మాట. అది నిజమే గాని, హైదరాబాద్ శివార్లలో అప్పు తెచ్చి ఇల్లు మొదలుపెట్టే కుటుంబానికి దానివల్ల తేలేది తక్కువ. గోడల దాకా ఎలాగో నెట్టుకొచ్చి స్లాబు దగ్గర ఆగిపోయిన ఇళ్లు ఈ నగరం చుట్టూ ఉన్న కాలనీల్లో కొత్తేమీ కాదు. పైన చువ్వలు తుప్పు పడుతుంటే, కింద రేకులు కప్పుకుని కాపురాలు సాగుతుంటాయి. ఇనుము, కంకర, సెంట్రింగ్ అద్దె, కాంక్రీటు కలిపే మిల్లరు, ఒకే రోజున దిగాల్సిన కూలీల గుంపు ఇవన్నీ ఒక్కసారిగా డబ్బు అడుగుతాయి కాబట్టి ఇంటి ఖర్చులో మనిషి నడుం విరిగేది కప్పు దగ్గరే. గుమ్మటం ఇంటి అసలు ప్రయోజనం కూడా అక్కడే ఉంది. అది స్లాబును తీసేసి, దాని బదులు శ్రమను, వాన నుంచి కాపాడుకునే బాధ్యతను ఇంటివాళ్ల మీద పెడుతుంది. ఈ మార్పిడి హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని నేలల్లో, ఒక పరిమాణం లోపల లాభసాటిగానే ఉంటుందని నేను నమ్ముతున్నాను. అయితే మన గృహనిర్మాణ పథకాలు ఇంటిని స్లాబుతోనే కొలుస్తున్నంత కాలం ఆ లాభం అవసరమైన వారికి అందదు.

ఈ పద్ధతికి ఇప్పటి రూపం ఇచ్చినవాడు ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన వాస్తుశిల్పి నాదర్ ఖలీలీ. కాలిఫోర్నియాలోని హెస్పేరియాలో కాల్‌ఎర్త్ సంస్థను నెలకొల్పి, నిర్వాసితుల కోసం ఆయన రూపొందించిన ఇసుక సంచుల గూళ్లకు 2004లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. పని చూడటానికి తేలికగానే ఉంటుంది. యూరియా సంచి నేసే ప్లాస్టిక్ గుడ్డనే తెగని గొట్టంలా చుట్టలుగా కొంటారు. కాస్త తడిపిన మట్టిని చిన్న డబ్బాలతో ఆ గొట్టంలో పోస్తూ, వెనక్కి నడుస్తూ, గుండ్రంగా పరుస్తారు. వరుస పూర్తి కాగానే దిమ్మిసతో కొడతారు. మట్టి లోపల సర్దుకుంటున్నంత సేపూ మెత్తగా వినిపించిన చప్పుడు గట్టిపడి గణగణమంటేనే ఆ వరుస అయినట్టు. దాని మీద రెండు వరుసల ముళ్ల తీగ వేసి, ఆపై మళ్లీ సంచి. నేల మధ్యలో పాతిన గొలుసు ఒకటి, గోడ అంచున కట్టిన గొలుసు ఇంకొకటి ప్రతి వరుస ఎంత లోపలికి జరగాలో చెబుతాయి. సెంట్రింగ్ అవసరం లేదు, కర్ర చట్రం కావలసింది తలుపుకూ కిటికీలకూ మాత్రమే.

ముళ్ల తీగ ఎందుకన్నది అర్థం చేసుకోకుండా ఈ ఇంటి జోలికి పోకూడదు. సగం బంతిలా ఉండే గుమ్మటంలో శిఖరం నుంచి దాదాపు 52 డిగ్రీల దాకా పదార్థమంతా నొక్కుడులోనే ఉంటుంది. ఆ కిందికి వచ్చేసరికి వలయం బయటికి తెరుచుకోవాలని చూస్తుంది, అంటే అక్కడ లాగుడు మొదలవుతుంది. మట్టి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గాని లాగుడును భరించలేదు. ఆ లాగుడును తీసుకునేది ముళ్ల తీగ. అందుకే ఈ గుమ్మటాలను సగం బంతిలా కాకుండా, మసీదు కమానులా కొనదేలిన ఆకారంలో లేపుతారు. అలా లేపితే బరువు పక్కలకు తన్నకుండా ఎక్కువగా కిందికి దిగుతుంది. అందం కోసం ఎత్తు తగ్గించి గుండ్రంగా చేద్దామనే మేస్త్రి మాట వినకూడదు.

ఇప్పుడు లెక్క. లోపల 4 మీటర్ల వ్యాసం ఉన్న గుమ్మటంలో నేల సుమారు 135 చదరపు అడుగులు వస్తుంది. సంచి వెడల్పు 35 సెంటీమీటర్లు, ఎత్తు మూడున్నర మీటర్లు అనుకుంటే గోడలో పట్టే మట్టి 13, 14 ఘనమీటర్లు. బరువు పాతిక టన్నుల దగ్గర తేలుతుంది. ఆ పాతిక టన్నులూ మనుషుల చేతుల మీదుగానే, చివరి వరుసలు తల మీది ఎత్తుకు ఎక్కాలి. ముళ్ల తీగ 600 మీటర్లు, అంటే 60, 70 కిలోల ఇనుము. అదే వైశాల్యం ఉన్న చదరపు గదికి అయిదు అంగుళాల స్లాబు వేస్తే రెండు ఘనమీటర్ల కాంక్రీటు, పదహారు బస్తాల సిమెంటు, నూరు కిలోలు దాటిన ఇనుము పడతాయి. సెంట్రింగ్ ఖర్చు దీనికి అదనం.

చాలామంది గమనించని ఉచ్చు ఒకటి ఇక్కడే ఉంది. మట్టి మీద నమ్మకం చాలక, సంచుల్లో వేసే మట్టి మొత్తంలో పదో వంతు సిమెంటు కలపమని సలహా ఇచ్చేవారున్నారు. పాతిక టన్నులలో పదో వంతంటే 50 బస్తాలు. స్లాబు తప్పించుకోవడానికి బయలుదేరి స్లాబుకు పట్టేదానికి మూడు రెట్ల సిమెంటు గోడలో పోసినట్టవుతుంది. సిమెంటు గానీ సున్నం గానీ కలపాల్సింది నీళ్లు తగిలే అడుగు వరుసల్లో, బయటి పూతలో. మిగతా ఎత్తంతా సరిగ్గా దిమ్మిస పడిన మంచి మట్టి చాలు. తక్కువ ఖర్చు ఇల్లు అనే మాటకు విలువ ఉండాలంటే ఈ నిగ్రహం ఉండాలి.

మంచి మట్టి అన్నది కూడా చోటును బట్టే. ఇబ్రహీంపట్నం, మహేశ్వరం వైపు ఉన్న ఎర్ర చెల్క నేలలు ఈ పనికి బాగా నప్పుతాయి, ఎందుకంటే వాటిలో ఇసుక పాలు సహజంగానే ఎక్కువ. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నల్లరేగడి తగులుతుంది. అది తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిస్తుంది కాబట్టి సంచుల్లోకి పనికిరాదు. దాని మీద కట్టాలన్నా మొరం నింపిన లోతైన పునాది కావాలి. ప్రయోగశాలకు పోకముందే ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, చిటికెడు ఉప్పు వేసి నీళ్లతో గిలకొట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే ఇసుక అడుగున, బంక మట్టి పైన పొరలుగా తేలుతుంది. ఇసుక మూడింట రెండు వంతులు దాటి, బంక పావు వంతు దగ్గర ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

అయితే గుమ్మటానికి అసలు పరీక్ష వాన పెడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే. ఆ అక్టోబరు ఎలా ఉండగలదో 2020 వరదల్లో చూశాం. మామూలు ఇంట్లో గోడను చూరు కాపాడుతుంది. గుమ్మటానికి చూరు లేదు. గోడే కప్పు, కప్పే గోడ, పడిన ప్రతి చుక్కా దాని ఒంటి మీదుగానే దిగాలి. గుండ్రని మట్టి ఇల్లు మనకు కొత్తేమీ కాదని, ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లను ఉదాహరణగా చూపడం పరిపాటి. తుపాను గాలిని ఆ గుండ్రని గోడ చీల్చి పక్కకు పంపుతుందనేది నిజం. కాని చుట్టింటి మట్టి గోడ నిలబడేది దాదాపు నేలను తాకేలా దిగిన తాటాకు కప్పు నీడలో. ఆ కప్పు తీసేసి గోడ గుండ్రదనాన్ని మాత్రమే ఆదర్శంగా తీసుకుంటే అసలు కిటుకు వదిలేసినట్టే.

మనకు దగ్గరగా ఉన్న పాఠం కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర దొరుకుతుంది. అవి రాతి కట్టడాలు, రాజుల ఖర్చుతో లేచినవి, కాబట్టి పోలిక అంతటా కుదరదు. అయినా ఆ గుమ్మటాల మీద శతాబ్దాలు నిలిచింది సున్నపు పూత. 2013లో ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి మొదలుపెట్టిన పునరుద్ధరణలో, గత శతాబ్దపు మరమ్మతుల్లో పడిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నమే పూశారు. సిమెంటు పూత బీటలు వారి నీటిని లోపలికి రానిస్తుంది గాని, వచ్చిన తేమను బయటికి పోనివ్వదు. సున్నం ఊపిరి పీలుస్తుంది. మట్టి గుమ్మటానికి ఇది రాతి గుమ్మటం కంటే ఎక్కువ అవసరం, ఎందుకంటే లోపల చిక్కుకున్న తేమ రాయిని మరక చేస్తే మట్టిని అడుసు చేస్తుంది. కనుక అడుగున్నర ఎత్తు రాతి పీఠం, డంగు సున్నంతో రెండు మూడు పూతలు, చివరి పూతను రాయితో రుద్ది నునుపు చేయడం, కిటికీల మీద బయటికి పొడుచుకొచ్చిన కమాను, ఏటా వానలకు ముందు సున్నం వెల్ల, ఇవన్నీ ఇంటి ధరలోనే కలపాలి. పని సంక్రాంతి తర్వాత మొదలై మృగశిర లోపు పూత దాకా రావాలి. ప్లాస్టిక్ సంచి ఎండకు నెలల్లోనే చిట్లిపోతుంది కాబట్టి పూత వాయిదా వేయడానికి వీల్లేదు.

ఇంత చేస్తే దక్కేది చిన్నదేమీ కాదు. మే నెలలో నగరం 40 డిగ్రీలు దాటినప్పుడు రేకుల గది మధ్యాహ్నమూ, స్లాబు గది రాత్రీ ఉడికిస్తాయి. అడుగుకు మించిన మందం ఉన్న మట్టి గోడలోంచి పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రి అవుతుంది. అప్పటికి కిటికీలు, శిఖరం దగ్గరి గవాక్షం తెరిస్తే అది బయటికి పోతుంది. ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించిన రాష్ట్రం వెల్ల వేసిన గుమ్మటాన్ని ఆ విధానానికి దగ్గరి చుట్టంగానే చూడాలి.

నగరం లోపలి బస్తీలకు మాత్రం ఇది మందు కాదని స్పష్టంగా చెప్పాలి. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి, తెలంగాణ భవన అనుమతుల చట్టమైన బీపాస్ కింద అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే సరిపోతుంది. కాని 15 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవున్న 75 గజాల స్థలంలో, గోడల మందం కలిపితే 4 మీటర్ల గుమ్మటం పట్టనే పట్టదు. చదరంలో వృత్తం గీస్తే అయిదో వంతు స్థలం మూలల్లో పోతుంది. కొడుకు పెళ్లయితే పైన అంతస్తు వేసే వీలుండదు. బీరువా గోడకు ఆనదు. దీనికి తగిన చోటు శివారు గ్రామాలు, పొలం దగ్గరి కాపలా గదులు, సొంత జాగా కాస్త విశాలంగా ఉన్న కుటుంబాలు. మట్టితో కడుతున్నాం కదా అని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో నిర్మాణ నిబంధనలను తప్పించుకోవచ్చనుకోవడమూ పొరపాటే.

పనితనం మనకు లేదనే వాదన నిలవదు. మట్టినీ రాతినీ తరతరాలుగా ఎరిగిన వడ్డెరలు ఉన్నారు, దేశమంతా తిరిగి కట్టిన పాలమూరు కూలీలు ఉన్నారు. కోయంబత్తూరు దగ్గర 22 మీటర్ల వ్యాసం ఉన్న ధ్యానలింగం గుమ్మటం ఇనుప చువ్వ లేకుండా ఇటుకలతోనే లేచింది, దాని వెనుక ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ సాంకేతికత ఉంది. ఆ సంస్థ దశాబ్దాలుగా మట్టి పని నేర్పుతోంది. కొరత ఉన్నది చేతుల్లో కాదు, కాగితంలో.

ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం ఉన్నవారికి ₹5 లక్షలు ఇస్తుంది. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి; డబ్బు బేస్‌మెంట్, గోడలు, స్లాబు, ముగింపు అనే దశల్లో విడుదలవుతుంది. ఒకదానికొకటి ఆనుకున్న 4 మీటర్ల గుమ్మటాలు మూడు కడితే 405 చదరపు అడుగులు వస్తాయి కాబట్టి వైశాల్యం అడ్డు కాదు. అడ్డు వచ్చేది దశల దగ్గర. గోడ ఎక్కడ ఆగి కప్పు ఎక్కడ మొదలవుతుందో గుమ్మటంలో చూపించలేని లబ్ధిదారుకు, పెద్ద మొత్తం ముడిపడి ఉన్న స్లాబు విడత ఎప్పుడు రావాలి? ఫొటో తీసే అధికారికి ఏది చూపాలి? పీఠం పూర్తవడం, తలుపు కమాను మూసుకోవడం, శిఖరం మూసుకోవడం, సున్నపు పూత అని నాలుగు దశలు రాసుకుంటే ఈ చిక్కు ఒక్క ఉత్తర్వుతో తీరుతుంది. ప్రతి దశలో ఇంజినీరు గొలుసుతో వ్యాసార్ధం కొలిచి, వరుసల మధ్య ముళ్ల తీగ ఉందో లేదో చూసి, మట్టి పరీక్ష నమోదు చేయాలి. మొదటే కుటుంబాల మీద ప్రయోగం చేయకుండా, ఎర్ర నేల ఉన్న మండలాల్లో ప్రభుత్వ నర్సరీల కాపలా గదులను ఇలా కట్టి, అవి రెండు వానాకాలాలు గడిచాక బీటలు, చెమ్మ, మరమ్మతు ఖర్చు లెక్కలు బయటపెట్టి, ఆ తర్వాతే పథకంలోకి తేవాలి.